నేటివ్ అమెరికన్ ఫ్లూట్: మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

అరిజోనాలో ఉంటూ పదకొండేళ్ళుగా ఈ ఫ్లూట్ ఊదుతున్నాను. నేను ఏ తెగకూ చెందినవాణ్ణి కాను, నేర్చుకుంటున్నవాణ్ణి. సంక్రాంతి సంబరాల్లో పది నిమిషాలు వాయిస్తే తర్వాత అరగంట ప్రశ్నలు వస్తాయి. ప్రతి ఏడూ దాదాపు అవే ప్రశ్నలు. అందుకే వాటికి జవాబులు ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## వినడం మొదలుపెట్టినవాళ్ళకి

ఇది మన పిల్లనగ్రోవి లాంటిదేనా?

ఊదే పద్ధతిలోనే తేడా ఉంది. మన వేణువును అడ్డంగా పట్టుకుని, పెదవుల మధ్యనుంచి సన్నటి గాలిని రంధ్రం అంచుకు తగిలేలా ఊదాలి. ఆ పెదవి కుదరడానికే కొందరికి నెలలు పడుతుంది. నేటివ్ అమెరికన్ ఫ్లూట్‌ను నిలువుగా పట్టుకుని చివర నోరు పెట్టి ఊదితే చాలు, స్వరం వస్తుంది. జాతరలో పిల్లలకు కొనిచ్చే నిలువు పిల్లనగ్రోవి ఉంటుంది కదా, నోరు పెట్టడం వరకు అలాగే ఉంటుంది.

లోపలి కట్టడం మాత్రం వేరు. గొట్టం మధ్యలో ఒక అడ్డుగోడ ఉంటుంది. ఊదిన గాలి ముందు పైగదిలో నిండుతుంది. గోడ అడ్డు రావడంతో ఒక చిన్న రంధ్రంలోంచి బయటికొచ్చి, పైన తాడుతో కట్టిన చెక్కముక్క కింద సన్నటి దారిలో పాకి, రెండో రంధ్రం అంచుకు తగులుతుంది. అక్కడ స్వరం పుట్టి కింది గది నిండుతుంది. ఆ చెక్కముక్కను వాయించేవాళ్ళు ‘పిట్ట’ అంటారు. చాలాసార్లు దాన్ని పిట్ట ఆకారంలోనే చెక్కుతారు కూడా. ఇలా రెండు గదులు, పైన పిట్ట ఉన్న ఏర్పాటే ఈ ఫ్లూట్‌ను గుర్తుపట్టే ఆనవాలు.

ఇది ఏ రాగం? ఎందుకింత దిగులుగా వినిపిస్తుంది?

ఈ రోజుల్లో తయారయ్యే ఫ్లూట్‌లో వరసగా వేళ్ళు ఎత్తితే వచ్చేవి స గ₂ మ₁ ప ని₂ స. మన లెక్కలో అది శుద్ధ ధన్యాసి. అన్నమయ్య ‘భావములోన బాహ్యమునందున’ వింటూ పెరిగిన చెవికి ఇది తెలిసిన ఇల్లులాగే ఉంటుంది. నేను మొదటిసారి విన్నప్పుడు ఆగిపోయింది అందుకే.

దిగులు మాత్రం రాగంలో కంటే ఊదే తీరులో ఎక్కువగా ఉంది. స్వరాన్ని గుక్క అయిపోయేదాకా పట్టుకుని, చివర్లో సన్నగా జారవిడుస్తారు. తాళం కట్టుబాటు తక్కువ. ఒక పదం అయ్యాక చాలాసేపు నిశ్శబ్దం. మనకు దిగులనిపించేది, ఆ పాటలు కట్టినవాళ్ళ దగ్గర చాలావరకు ఎదురుచూపు.

‘రెడ్ ఇండియన్ ఫ్లూట్’ అంటే తప్పా?

అనకండి. మన పాత పాఠ్యపుస్తకాల్లో ఆ మాట ఉండేది కాబట్టి చాలామందికి అలవాటు. అక్కడివాళ్ళకు అది ఒంటిరంగుతో పిలిచి కించపరిచే మాట. ‘నేటివ్ అమెరికన్’ అనొచ్చు. అంతకంటే మంచిది తెగ పేరు చెప్పడం: లకోటా, కయోవా, కొమాంచీ, హోపీ, నవాహో. అమెరికా ప్రభుత్వం గుర్తించిన తెగలే 570కి పైగా ఉన్నాయి. మన దగ్గర కోయలనూ సవరలనూ చెంచులనూ కలిపి ఒకే పాట వాళ్ళదంటే ఎంత తప్పో, ఇక్కడా అంతే.

మాల్‌ల దగ్గర ఈకల కిరీటం పెట్టుకుని వాయించేది ఇదేనా?

ఎక్కువసార్లు కాదు. వెదురు గొట్టాలు వరసగా కట్టి పెదవుల మీద అటూ ఇటూ జరుపుతూ వాయిస్తుంటే అది దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వాద్యం. పెరూ, ఈక్వడార్, బొలీవియా ప్రాంతాలది. అదొక గొప్ప సంప్రదాయమే, కానీ వేరు. పొడుగాటి ఈకల కిరీటం ఉత్తర అమెరికా మైదానాల తెగలలో గౌరవం పొందినవాళ్ళు ధరించేది. రెండూ ఒకే మనిషి మీద కనిపించాయంటే జనాన్ని ఆకట్టుకోవడానికి కలిపారని అర్థం.

పౌవౌకి వెళ్తే వినొచ్చా?

పౌవౌ అంటే డప్పు, గొంతులు, నాట్యం. పెద్ద డప్పు చుట్టూ కూర్చుని అందరూ కలిసి కొడుతూ పాడతారు, దాని చుట్టూ వందలమంది ఆడతారు. ఫ్లూట్ ఒంటరి మనిషి వాద్యం, అంతమంది నడుమ దానికి చోటు తక్కువ. విరామంలో ఎవరైనా వాయించవచ్చు, ఆవరణలోని దుకాణాల్లో తయారుచేసినవాళ్ళే కూర్చుని వాయించి చూపించవచ్చు. దాని కోసమే వెళ్తే నిరాశపడతారు. డప్పు కోసం మాత్రం తప్పక వెళ్ళండి.

## అర్థాలు, కథలు

ఇది ప్రేమ చెప్పడానికి వాడేవాళ్ళంటారు. నిజమేనా?

మైదానాల తెగలలో, ముఖ్యంగా లకోటా, డకోటా, కయోవా, కొమాంచీ వాళ్ళలో, నిజమే. ఒకప్పుడు వాళ్ళ శిబిరంలో పెళ్ళికాని ఆడపిల్ల ఒంటరిగా ఉండే సమయం చాలా తక్కువ. అమ్మ, అమ్మమ్మ, పిన్ని, ఎవరో ఒకరు పక్కనే ఉండేవాళ్ళు. నేరుగా వెళ్ళి మాట్లాడటం మర్యాద కాదు. మన ఊళ్ళలో నిన్నమొన్నటిదాకా ఉన్న పరిస్థితే కాబట్టి దీన్ని ఊహించుకోవడం మనకు కష్టం కాదు.

కాబట్టి కుర్రవాడు సాయంత్రం శిబిరానికి కాస్త దూరంగా, ఏ గుట్ట మీదనో చెట్ల మాటునో నిలబడి ఊదేవాడు. గుడారంలో కూర్చున్న అందరికీ వినిపించేది. ఎవరి కోసమో మాత్రం ఒక్క పిల్లకే తెలియాలి. ఒకే పాటను రోజూ ఊదితే, అది విన్న పిల్ల ఊదుతున్నది ఎవరో గుర్తుపట్టేది. ఇష్టమైతే నీళ్ళకనో పుల్లలకనో బయటికొచ్చేది, ఇష్టం లేకపోతే వచ్చేది కాదు. తర్వాతి మెట్టులో ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. ఆ దుప్పటి లోపల మాటలు వాళ్ళవే, చుట్టూ ఉన్నవాళ్ళు చూడనట్టు ఉండేవాళ్ళు.

దీన్ని ‘ప్రేమ మంత్రం’ అని అమ్మే వాళ్ళున్నారు. ఫ్లూట్‌కు శక్తి ఉందన్న నమ్మకం ఆ తెగలలో ఉంది, దాన్ని గౌరవించాలి. కానీ నన్ను కదిలించేది అందులోని మర్యాద. కాదనే వీలు పిల్లకు వదిలేసి, నలుగురిలో ఆమెకు తలవంపు రాకుండా తన మనసు చెప్పుకోవడం.

పాటలకు మాటలుంటాయా, ఉత్త స్వరాలేనా?

నేను అన్నిటికంటే నొక్కి చెప్పాలనుకునేది ఇదే. లకోటా పాత ఫ్లూట్ పాటలు గొంతుతో పాడే పాటలు. మాటలున్న పాటను ఫ్లూట్ మీద పలికిస్తారు. లకోటా వాద్యకారుడు కెవిన్ లాక్ జీవితాంతం ఇదే చెప్పేవాడు: పాట తెలియకుండా ఫ్లూట్ వాయించడం కాదు, ముందు పాట పాడటం రావాలి, ఆ భాష రావాలి. తన సభల్లో ముందు పాడి, తర్వాత ఊదేవాడు.

ఆ మాటల్లో ఎవరో ఎవరితోనో మాట్లాడుతుంటారు. ఫలానా చోట నిన్ను కలుస్తానని, నువ్వు వెళ్ళిపోతే నేనేం కావాలని, వేరేవాడి మాట వినకని. కొన్నిటిలో మాట్లాడేది ఆడపిల్ల. అంటే కుర్రవాడు ఆమె మనసులో ఉండాలని తాను కోరుకునే మాటల్నే ఊదుతున్నాడన్నమాట. పాటలో మాటలు ఆగి వచ్చే ఊపు, చివర్లో గొంతు జారే తీరు, అన్నీ ఫ్లూట్‌లోకి వస్తాయి. మన వేణువు విద్వాంసులు కీర్తన సాహిత్యం తెలిసి వాయించాలంటారే, ఇదీ అదే క్రమశిక్షణ. మాట తెలియనివాడు ఊపిరి తప్పుచోట తీస్తాడు.

అందుకే ఈ సంగీతం విన్నప్పుడు ‘ఎంత ప్రశాంతంగా ఉంది’ అని ఆగిపోకుండా, ‘ఇది ఎవరి పాట, ఎవరికి చెబుతున్నారు’ అని అడగమంటాను.

వడ్రంగిపిట్ట కథ ఏమిటి?

లకోటా వాళ్ళలో చెప్పుకునే కథ. చెప్పేవాళ్ళను బట్టి వివరాలు మారతాయి. ఒక యువకుడు ఎల్క్ జింక జాడ పట్టుకుని అడవిలో చాలా దూరం పోయి, చీకటిపడి దారి తప్పుతాడు. రాత్రి ఎక్కడినుంచో ఎప్పుడూ వినని శబ్దం వస్తుంది, గాలి ఏడుస్తున్నట్టు. నిద్రలో ఒక వడ్రంగిపిట్ట కనబడి, నా వెంట రా, చూపిస్తానంటుంది. తెల్లవారాక నిజంగానే పిట్ట కనిపిస్తుంది. కొమ్మ నుంచి కొమ్మకు ఎగురుతూ ఒక సీడర్ చెట్టు దగ్గరికి తీసుకెళ్తుంది. అక్కడ బోలుగా ఉన్న ఎండుకొమ్మకు అది ముక్కుతో పొడిచిన రంధ్రాలు. వాటిలోంచి గాలి వీచినప్పుడల్లా ఆ శబ్దం.

అతను ఆ కొమ్మను ఇంటికి తెచ్చుకుంటాడు. ఎంత ఊపినా, ఎంత ఊదినా పలకదు. గుట్ట మీద ఉపవాసం ఉండి వేడుకుంటే పిట్ట మళ్ళీ కలలోకి వచ్చి ఎలా చెయ్యాలో, ఎలా ఊదాలో చెబుతుంది. ఊళ్ళో అందరికంటే బిడియస్తుడైన అతను, ఆ ఫ్లూట్‌తోనే పెద్దమనిషి కూతురి మనసు గెలుచుకుంటాడు.

ఫ్లూట్ చివర పక్షి తల ఎందుకు చెక్కుతారు? ఎల్క్‌తో సంబంధం ఏమిటి?

లకోటా భాషలో ఫ్లూట్‌ను షియోతంక అంటారు. షియో అంటే గడ్డిమైదానాల అడవికోడి, తంక అంటే పెద్దది. వసంతంలో మగకోళ్ళు ఒకచోట చేరి ఆడుతూ కూస్తూ పెట్టలను పిలుస్తాయి. ఇక ఎల్క్, మన కణుజు లాంటి పెద్ద కొమ్ముల జింక. ఆకురాలే కాలంలో మగ ఎల్క్ పెట్టే కూత సన్నటి ఈలలా లోయంతా వినిపిస్తుంది, ఆడజింకలు దాని చుట్టూ చేరతాయి. ఆడవాళ్ళ మనసు గెలిచే శక్తి ఎల్క్‌ది అని వాళ్ళ నమ్మకం. ఎల్క్ కలలోకి వచ్చినవాళ్ళు చేసిన ఫ్లూట్‌కు ఆ శక్తి ఉంటుందనేవాళ్ళు. పాత ఫ్లూట్లలో కింది చివరను నోరు తెరిచిన పక్షి తలగా చెక్కినవి చాలా ఉన్నాయి. పాట పక్షి నోట్లోంచి బయటికొస్తున్నట్టుంటుంది.

అన్ని తెగల్లోనూ ప్రేమ కోసమేనా?

కాదు. అరిజోనాలోని హోపీ వాళ్ళలో ఫ్లూట్ పేరు మీద వంశమే ఉంది. వాళ్ళ ఫ్లూట్ క్రతువు వేసవి చివర, ఊరి నీటి ఊట దగ్గర, వాన కోసం, మొక్కజొన్న చేల కోసం జరిగే ప్రార్థన. ఏడాది విడిచి ఏడాది వస్తుంది, మధ్య ఏడాది పాము క్రతువుది. అక్కడ వాడే ఫ్లూట్ కూడా వేరు: పిట్ట, అడ్డుగోడ ఉండవు, అంచు మీద ఊదుతారు. హోపీ ఊళ్ళలో క్రతువుల దగ్గర ఫొటోలు, రికార్డింగు, బొమ్మలు గీయడం కూడా నిషేధం. నీళ్ళ కరువు తెలిసిన రాయలసీమవాళ్ళకు, ఎడారిలో ఒక ఊట ముందు నిలబడి ఊదే ఆ ఊపిరి ఏమడుగుతోందో విడమరిచి చెప్పక్కర్లేదు.

టీషర్టుల మీద వంగి ఫ్లూట్ ఊదే బొమ్మ కోకోపెల్లి కదా? కృష్ణుడి లాంటి దేవుడా?

ఆ పోలిక మనకు వెంటనే తడుతుంది, కానీ రెండూ కలపకూడదు. అమెరికా నైరుతి ప్రాంతంలో రాళ్ళ మీద వందల ఏళ్ళ నాటి ఫ్లూట్ ఊదే మనిషి చెక్కడాలు చాలా ఉన్నాయి, కొన్నిటికి గూని ఉంటుంది. కోకోపెల్లి అన్న పేరు హోపీల ఒక కచీనా, అంటే వాళ్ళ ఆత్మరూపం, పేరునుంచి వచ్చింది. ఆ కచీనాకు గూని ఉంటుంది గానీ సాధారణంగా ఫ్లూట్ ఉండదు. రెండిటినీ కలిపి దుకాణాలవాళ్ళు ఒక బొమ్మ చేశారు.

ఆడవాళ్ళు వాయించకూడదా?

మైదానాల తెగల్లో పాతకాలంలో మగవాళ్ళే వాయించేవాళ్ళు, దాని పనే అలాంటిది కాబట్టి. ఇప్పుడు స్త్రీలు చాలామంది వాయిస్తున్నారు. అల్యూట్, సెమినోల్ మూలాలున్న మేరీ యంగ్‌బ్లడ్ ఈ వాద్యంతో రెండు గ్రామీలు అందుకుంది. ఏదైనా కుటుంబంలో, ఏదైనా క్రతువులో ఇంకా పాత నియమం ఉంటే అక్కడ వాళ్ళ మాటే చెల్లుతుంది.

## చరిత్ర

ఎంత పాతది?

ఉత్తర అమెరికాలో ఫ్లూట్ చాలా పాతది. 1931లో పురావస్తు శాస్త్రవేత్త ఎర్ల్ మోరిస్ బృందానికి ఈశాన్య అరిజోనాలోని ఒక గుహలో చెక్క ఫ్లూట్లు దొరికాయి. వాటి కాలం క్రీస్తు శకం 620–670 ప్రాంతమని లెక్కగట్టారు. ఆ గుహకు ‘బ్రోకెన్ ఫ్లూట్ కేవ్’ అనే పేరొచ్చింది. అవి ఆరు రంధ్రాలవి, అంచు మీద ఊదేవి, రెండుగదులవి కావు.

రెండుగదుల ఫ్లూట్లలో ఇప్పటిదాకా మిగిలిన పాతదిగా చెప్పుకునేది 1823లో మిసిసిపీ నది ఎగువ ప్రాంతాల్లో తిరిగిన ఇటలీ యాత్రికుడు బెల్ట్రామీ సేకరించినది. అది ఇటలీలోని బెర్గామో మ్యూజియంలో ఉంది. పొడి గుహల్లో తప్ప చెక్క వస్తువు నేలలో నిలవదు కాబట్టి, అంతకు ముందు లేదని దీనర్థం కాదు.

మధ్యలో దాదాపు కనుమరుగైందంటారు, ఎందుకు?

ఒక్క కారణం కాదు. మైదానాల తెగలను రిజర్వేషన్లలో, అంటే ప్రభుత్వం వాళ్ళకు హద్దులు గీసి కేటాయించిన భూముల్లో, కుక్కారు. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ స్కూల్ తెరిచారు, అదే పద్ధతిలో దేశమంతా బోర్డింగ్ స్కూళ్ళు వచ్చాయి. పిల్లల్ని ఇంటినుంచి తీసుకుపోయి, జుట్టు కత్తిరించి, తల్లిభాష మాట్లాడితే శిక్షించేవాళ్ళు. అక్కడ నేర్పిన సంగీతం ఇత్తడి బాకాల బ్యాండు. 1883లో వచ్చిన ప్రభుత్వ నిబంధనలు తెగల నాట్యాలను, వైద్యుల క్రతువులను నేరాలుగా చేశాయి. మతస్వేచ్ఛకు రక్షణ ఇచ్చే చట్టం 1978లో గానీ రాలేదు.

ఫ్లూట్‌ను పేరు పెట్టి నిషేధించాల్సిన పనే లేకపోయింది. పాటకు మాటలున్నాయి, మాటలకు భాష కావాలి, భాష పోయింది. గుట్ట మీదనుంచి వినే గుడారాలు పోయాయి. పెళ్ళిచూపుల పద్ధతే మారిపోయాక దాన్ని ఎవరి కోసం ఊదాలి? కొందరు ముసలివాళ్ళ దగ్గర, మ్యూజియం అద్దాల వెనుక, మైనపు సిలిండర్ల మీద మిగిలింది. 1911 నుంచి కొన్నేళ్ళపాటు లకోటాల స్టాండింగ్ రాక్ రిజర్వేషన్ ప్రాంతంలో సంగీత పరిశోధకురాలు ఫ్రాన్సిస్ డెన్స్‌మోర్ అలా రికార్డు చేసిన పాటలు తర్వాతి తరాలకు అక్కరకొచ్చాయి.

మళ్ళీ ఎవరు బతికించారు?

కయోవా వాళ్ళలో బెలో కోజాడ్ లాంటి పెద్దలు, దక్షిణ డకోటాలోని రోజ్‌బడ్ రిజర్వేషన్‌లో రిచర్డ్ ఫూల్ బుల్ లాంటి తయారీదారులు దారం తెగకుండా పట్టుకున్నారు. ఓక్లహోమాకు చెందిన కొమాంచీ చిత్రకారుడు డాక్ టేట్ నెవాక్వయా (1932–1996) పాత ఫ్లూట్లను, రికార్డింగులను వెతికి నేర్చుకుని, ఊరూరా వాయించి, తన కొడుకులకూ నేర్పాడు. 1986లో ఆయనకు అమెరికా జాతీయ జానపద కళాకారుల పురస్కారం వచ్చింది. 1990లో అదే పురస్కారం కెవిన్ లాక్‌కు (1954–2022) వచ్చింది.

ప్రపంచమంతా వినేలా చేసింది ఆర్. కార్లోస్ నకాయ్. 1946లో పుట్టాడు, నవాహో, యూట్ మూలాలు. ట్రంపెట్ నేర్చుకున్నవాడు, కారు ప్రమాదంలో నోటికి దెబ్బ తగిలి అది వాయించలేకపోయాడు. సీడర్ ఫ్లూట్ చేతికొచ్చాక జీవితం మారింది. 1989లో వచ్చిన ఆయన ‘కాన్యన్ ట్రిలజీ’ ఆల్బమ్ 2014లో ప్లాటినం అయింది, అంటే పది లక్షల కాపీల అమ్మకానికి ఇచ్చే గుర్తింపు పొందింది. ఈ వాద్యానికి అదే మొదటిసారి.

నకాయ్ సంగీతం సంప్రదాయమేనా?

సంప్రదాయ పాటలు కొన్ని ఉన్నాయి, ఎక్కువభాగం ఆయన సొంత కల్పనలు. ఆయనే దాన్ని దాచడు. ఆర్కెస్ట్రాలతో, జాజ్ బృందంతో, టిబెట్ వాద్యకారుడితో కూడా వాయించాడు. నా అభిప్రాయం చెప్పాలంటే, పాత లకోటా పాట కావాలంటే కెవిన్ లాక్‌ను వినండి, ఈ వాద్యం ఎంతదూరం పోగలదో తెలియాలంటే నకాయ్‌ను వినండి. ఒకరిని పెట్టి ఇంకొకరిని తగ్గించకండి.

## కొనేటప్పుడు

ఏ శ్రుతి కొనాలి?

అన్ని రంధ్రాలూ మూస్తే వచ్చే స్వరాన్ని బట్టి ఫ్లూట్‌కు పేరు పెడతారు. జి అంటే మన ఐదు శ్రుతి, ఎఫ్ షార్ప్ అంటే నాలుగున్నర, ఎ అంటే ఆరు. శ్రుతి తగ్గేకొద్దీ ఫ్లూట్ పొడుగవుతుంది, రంధ్రాల మధ్య దూరం పెరుగుతుంది. మొదటిసారికి జి గానీ ఎ గానీ తీసుకోండి. చిన్న చేతులైతే, పదేళ్ళ లోపు పిల్లలైతే ఎ మేలు. డి లాంటి మంద్ర ఫ్లూట్ ఎంత బాగుందనిపించినా వేళ్ళు చాలక రంధ్రాలు సరిగా మూసుకోవు, టెన్షన్ తప్ప పాట రాదు.

రంధ్రాలు ఐదా, ఆరా?

రెండూ ఉన్నాయి. ఆరు రంధ్రాలదైతే పైనుంచి మూడోదాన్ని ఎప్పుడూ మూసి ఉంచి మొదలుపెడతారు. చాలామంది దాన్ని తోలుదారంతో కట్టేస్తారు. పాతకాలంలో శ్రుతిపెట్టె చూసి రంధ్రాలు చెయ్యలేదు. మూరెడు పొడవు, రంధ్రానికీ రంధ్రానికీ బొటనవేలంత ఎడం, ఇలా చేసేవాడి ఒంటి కొలతలే. అందుకే పాతవి ఏ రెండూ ఒకేలా పలకవు. ఇప్పటి శుద్ధ ధన్యాసి వరస 1980ల తర్వాత స్థిరపడిన ఏర్పాటు.

అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

నేను మొదట హైవే పక్కన ఒక దుకాణంలో కొన్నది ‘చేత్తో చేసిన తెగ ఫ్లూట్’ అన్నారు. ఇంటికొచ్చి పిట్టను విప్పితే కింద విదేశీ ఫ్యాక్టరీ ముద్ర ఉంది. అప్పుడు తెలిసింది, అడగాల్సిన ప్రశ్నలు అడగలేదని.

1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం ప్రకారం, గుర్తింపు పొందిన తెగ సభ్యులు చెయ్యని వస్తువును నేటివ్ అమెరికన్ తయారీ అని అమ్మడం నేరం. మొదటి తప్పుకే ఒక వ్యక్తికి 2,50,000 డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు పడొచ్చు. కాబట్టి సూటిగా అడగండి: ఎవరు చేశారు, వాళ్ళది ఏ తెగ, రాసిస్తారా. నిజమైన అమ్మకందారు సంతోషంగా చెబుతాడు. తెగకు చెందని మంచి తయారీదారులూ ఉన్నారు, వాళ్ళు తమది ‘ఆ పద్ధతిలో చేసిన ఫ్లూట్’ అని నిజాయితీగా చెబుతారు. అలాంటిది కొనడంలో తప్పు లేదు.

ఏ చెక్క మంచిది?

మొదటిసారికి సీడర్. అందులో ఈస్టర్న్ రెడ్ సీడర్ అనేది నిజానికి జూనిపర్ జాతి చెట్టు, ఒకప్పుడు పెన్సిళ్ళు దీనితోనే చేసేవాళ్ళు. ఊదుతుంటే చిన్నప్పుడు పెన్సిల్ చెక్కినప్పటి వాసన వస్తుంది. స్వరం మెత్తగా ఉంటుంది. వాల్‌నట్ లాంటి గట్టి చెక్కకు స్వరం పదునుగా ఉంటుంది. స్కూలు పిల్లలకు ప్లాస్టిక్‌దైనా సరిపోతుంది.

ఈకలు కట్టిన ఫ్లూట్ ఇండియాకు బహుమతిగా తీసుకెళ్ళొచ్చా?

ఈక ఏ పక్షిదో తెలియకుండా వద్దు. గద్ద ఈకలు అమ్మడం, కొనడం అమెరికాలో నేరం, తెగల సభ్యులకు మాత్రమే వాటిని ఉంచుకునే అనుమతి ఉంది. చాలా వలసపక్షుల ఈకలకూ నిషేధం వర్తిస్తుంది. ఈకలు లేనిది కొనండి.

## ఊదడం మొదలుపెట్టాక

కీచుమంటోంది. ఫ్లూట్ పాడైందా?

పదిలో తొమ్మిదిసార్లు వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయలేదు. వేలి కొనతో కాదు, మెత్తటి భాగంతో మూయండి, గట్టిగా నొక్కకండి. రెండో కారణం గాలి ఎక్కువ. వేడి అన్నం ముద్దను చల్లార్చేంత ఊపిరి చాలు. మన వేణువు వాయించినవాళ్ళే మొదట్లో ఎక్కువ ఇబ్బంది పడతారు, బలంగా ఊదే అలవాటు వల్ల. ఈ రెండూ సరిచేసుకున్నా మారకపోతే పిట్ట పక్కకు జరిగిందేమో చూడండి. దాని ముందు అంచు, స్వరం పుట్టే రంధ్రానికి కొంచెం వెనకగా, తిన్నగా ఉండాలి. వెంట్రుకవాసి జరిపినా స్వరం మారిపోతుంది.

కాసేపు వాయించాక ఫ్లూట్ గొంతు బొంగురుపోయి ఆగిపోతోంది.

మీ ఊపిరిలోని తేమ పిట్ట కింది దారిలో నీటిబొట్లుగా చేరింది. ఆ రంధ్రాన్ని వేలితో మూయకుండా, ఫ్లూట్‌ను తిరగేసి ఒక్కసారి విదిలించండి. లేదా పిట్టను విప్పి తుడిచి మళ్ళీ కట్టండి. చలికాలంలో ఇది ఎక్కువ.

మన రాగాలు వాయించొచ్చా?

ఒక్క ఫ్లూట్‌లో ఐదు రాగాలున్నాయి. అడుగు స్వరం సా అనుకుంటే శుద్ధ ధన్యాసి. గాంధారాన్ని సా చేసుకుంటే మోహన, మధ్యమాన్ని చేసుకుంటే మధ్యమావతి, పంచమాన్ని చేసుకుంటే హిందోళం, నిషాదాన్ని చేసుకుంటే శుద్ధ సావేరి. గ్రహభేదం పుస్తకంలో చదివినప్పుడు బుర్రకెక్కనిది, ఈ ఆరు రంధ్రాల మీద ఒక్క సాయంత్రంలో అర్థమైంది నాకు.

శుద్ధ ధన్యాసిగా వాయిస్తే సా కింద స్వరం లేదు, మంద్రంలోకి దిగలేరు. మధ్యమావతిగా వాయిస్తే కింద మంద్ర పంచమం, నిషాదం దొరుకుతాయి కాబట్టి జానపద బాణీలకు అదే హాయి. మొత్తం పరిధి ఒక స్థాయి, ఆపైన ఒకటి రెండు స్వరాలు, అంతే. వేలును మెల్లగా జార్చి గమకం తేవచ్చు. అయితే త్యాగరాజ కీర్తన మొత్తం ఆశించకండి, దానికి మన వేణువే ఉంది.

నొటేషన్ ఉందా?

ఉంది. నకాయ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో, చేతిలో ఏ శ్రుతి ఫ్లూట్ ఉన్నా రాత ఒకటే. వేళ్ళు ఒకటే, పలికే స్థాయి మారుతుంది. స్వరం మారదు, శ్రుతి మారుతుంది అని నేర్చుకున్న మనకు ఇది వింతేమీ కాదు.

ఇండియాకు తీసుకెళ్తే పగులుతుందా?

పగుళ్ళు వచ్చేది హఠాత్తుగా ఎండిపోయినప్పుడు. విజయవాడ ఉక్కపోత కంటే, తిరిగొచ్చాక ఫీనిక్స్ పొడిగాలితోనే ప్రమాదం. సూట్‌కేసులో కాకుండా క్యాబిన్ బ్యాగులో గుడ్డ చుట్టి పెట్టుకోండి. ఎండలో ఆపిన కారులో ఎప్పుడూ వదలకండి, జిగురు ఊడిపోతుంది: ఈ ఫ్లూట్‌ను చాలావరకు చెక్కను నిలువునా రెండు బద్దలుగా చీల్చి, తొలిచి, మళ్ళీ అతికించే చేస్తారు.

## మర్యాదలు

మనం వాయించడం వాళ్ళ సంస్కృతిని దొంగిలించినట్టు కాదా?

ఫ్లూట్ వాయించడం తప్పని నాతో ఏ తెగ మనిషీ అనలేదు. చాలామంది తయారీదారులు అందరికీ అమ్ముతారు, నేర్పుతారు. అనుమతి అవసరమైనవి వేరు: క్రతువుల పాటలు, కుటుంబాలకు చెందిన పాటలు. పాటకు యజమాని ఉంటాడన్నది వాళ్ళ పద్ధతి. ఒక పాట ఫలానా తాతది, ఆయన మనవడికి ఇచ్చాడు అంటారు. రికార్డులో విన్నంతమాత్రాన అది మనది కాదు. తోచింది సొంతంగా ఊదుకోండి, లేదా నేర్పినవాళ్ళను ‘ఇది నలుగురిలో వాయించొచ్చా’ అని అడగండి. వేషం మాత్రం వేసుకోకండి, పంచె కట్టుకుని వాయించండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ధ్యానానికి, థెరపీకి వాడొచ్చా?

నెమ్మదిగా ఊదితే ఊపిరి నెమ్మదిస్తుంది, మనసూ కుదుటపడుతుంది. నాకూ పడింది. జబ్బులు నయమవుతాయని, ‘ప్రాచీన నేటివ్ అమెరికన్ వైద్యం’ అని బోర్డు పెట్టి డబ్బు వసూలు చెయ్యడం మాత్రం వద్దు. మన పూజామంత్రాన్ని ఎవరో ఊరూపేరూ తెలియకుండా స్పా సంగీతంగా అమ్మితే మనకెలా ఉంటుంది?

మా పాప వాయించింది యూట్యూబ్‌లో పెట్టొచ్చా? ఏమని రాయాలి?

పెట్టండి. సొంత బాణీ అయితే అలాగే రాయండి, ‘ప్రాచీన తెగ పాట’ అని మాత్రం రాయకండి. నేర్చుకున్న పాటైతే అది ఏ తెగది, ఎవరి దగ్గర నేర్చుకుంది, పెట్టడానికి వాళ్ళు ఒప్పుకున్నారా అన్నవి ముందు రాయండి. ఫ్లూట్ చేసినవాళ్ళ పేరు కూడా చేర్చండి. చాలామంది తయారీదారులు దాని మీద సంతకం చేస్తారు, పిట్టకు వెనకవైపు చూడండి.